ఊరికి దూరంగా తోట, తోటలో ఇల్లు: అడ్వాన్స్ ఇచ్చేముందు ఏం చూసుకోవాలి?

"నాలుగెకరాల మామిడితోట, మధ్యలో పెంకుటిల్లు, వెనకాల టేకుచెట్లు. చుట్టుపక్కల ఒక్క ఇల్లు లేదు, భలే ప్రశాంతంగా ఉంది. కొనేయమంటారా?" ఇంచుమించు ఇవే మాటలతో చాలామంది అడుగుతున్నారు. ఫొటోలు కూడా పంపుతారు. ఇల్లు ఉంటుంది, పూత పట్టిన చెట్లుంటాయి, అరుగు మీద పడుకున్న కుక్క ఉంటుంది. గేటు దాకా కారు ఏ దారిన వచ్చిందో ఒక్క ఫొటోలోనూ ఉండదు.

నేనూ ఇల్లు చూసి పడిపోయినవాణ్నే. అందుకే ఇక్కడ వరస తిరగేసి చెబుతున్నాను. ముందు దారి, ఆ తర్వాత నీళ్లు, హద్దులు, కాగితాలు. ఇల్లు చివర్లో. ఇల్లు పడగొట్టి మళ్లీ కట్టుకోవచ్చు. దారి పక్కవాడి పొలంలో ఉంటే మనం చేయగలిగింది పెద్దగా ఉండదు.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

- అమ్మేవారి పట్టాదారు పాసుపుస్తకం, లింకు డాక్యుమెంట్లన్నిటి (భూమి ఇదివరకు చేతులు మారిన దస్తావేజుల) జిరాక్సులు. ఒరిజినల్స్ కళ్లతో చూడందే రూపాయి ఇవ్వొద్దు.
- సర్వే నంబరు. ఆంధ్రలో రీసర్వే అయిపోయిన ఊరైతే కొత్త ఎల్‌పీఎం నంబరు కూడా.
- ఊరి నక్షా. ఆ సర్వే నంబరు కొలతల నకలు (ఆంధ్రలో ఎఫ్‌ఎంబీ అంటారు, తెలంగాణలో టిప్పన్).
- 50 మీటర్ల టేపు, పెయింటు డబ్బా, 200 లీటర్ల డ్రమ్ము, మంచి టార్చిలైటు.
- మీ సొంత లాయరు. బ్రోకరు చూపించిన లాయరు వద్దు.
- కనీసం మూడుసార్లు వెళ్లే ఓపిక. ఒకసారి నడి ఎండల్లో, ఒకసారి వాన పడ్డ మర్నాడు, ఇంకోసారి రాత్రి ఉండేలా.

1. అసలు మీరు కొనొచ్చా?

విదేశాల్లో ఉంటున్నవారు ఇది చదివాకే ముందుకు వెళ్లండి. ఎన్నారైలు, ఓసీఐ కార్డున్నవారు ఇక్కడ ఫ్లాటు కొనొచ్చు, ఇల్లు కొనొచ్చు. వ్యవసాయ భూమి, తోట, ఫార్మ్‌హౌస్ మాత్రం కొనకూడదు. ఫెమా (విదేశీ మారక చట్టం) నిబంధనల్లో ఈ మూడింటినీ పేరుపెట్టి మరీ రాశారు. వారసత్వంగా వచ్చినదీ, ఇక్కడ ఉన్నప్పుడు కొన్నదీ ఉంచుకోవచ్చు. "మా బావమరిది పేరు మీద పెట్టి తర్వాత మార్చుకుంటాం" అంటారా? అది బినామీ చట్టం దాకా పోయే వ్యవహారం. మీ బావమరిది ఎంత మంచివాడైనా సరే.

రెండో సంగతి ఏజెన్సీ. చలికాలంలో అరకు, లంబసింగి, మారేడుమిల్లి చూసొచ్చినవాళ్లకు అక్కడో చిన్న ఇల్లు ఉంటే బాగుణ్ననిపిస్తుంది. అవన్నీ షెడ్యూల్డ్ ప్రాంతాలు. 1/70 చట్టం ప్రకారం అక్కడి భూమి గిరిజనేతరులకు బదిలీ కాదు. అమ్మేది గిరిజనేతరుడైనా అంతే. తెలంగాణలో ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం వైపూ ఇదే. "లీజు రాయించుకుందాం సార్" అని ఎవరైనా అంటే, లీజు కూడా ఆ చట్టం లెక్కలో బదిలీయేనని చెప్పి వచ్చేయండి.

2. గేటు నుంచి తారురోడ్డు దాకా నడవండి

కారులో కాదు, కాళ్లతో. చేతిలో నక్షా పెట్టుకుని, ప్రతి మలుపు దగ్గరా "ఇది ఎవరి భూమి?" అని అడుగుతూ నడవండి. దారులు మూడు రకాలు. ఊరి నక్షాలో గీసి ఉన్న పుంత, డొంక లేదా బండ్లబాట మొదటిది. డాక్యుమెంటులో "ఫలానా సర్వే నంబరు గుండా దారి హక్కుతో సహా" అని రాసి ఉన్నది రెండోది. పక్కరైతు మంచితనం మీద నడుస్తున్నది మూడోది. ఊరికి దూరంగా ఉన్న తోటల్లో నేను చూసినవాటిలో ఎక్కువ ఈ మూడో రకమే. ఏకాంతం అని మనకు అమ్మేది చాలాసార్లు దారి లేకపోవడాన్నే.

నా తోటకు దారి పక్క చెలకలోంచి ఉండేది. కొన్న ఏడాది జూన్‌లో తొలకరి పడగానే ఆ రైతు దాన్ని దున్ని పత్తి గింజలు పెట్టేశాడు. తప్పు ఆయనది కాదు, ఆయన భూమి ఆయన దున్నుకున్నాడు. పంట తీసేదాకా కారు ఊళ్లో గుడి దగ్గర పెట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని గట్ల మీద నడిచాను. ఆ తర్వాత ఆయన చెప్పిన రేటుకే దారి కొన్నాను.

20 ఏళ్లు ఆటంకం లేకుండా, హక్కుగా వాడిన దారి మీద హక్కు వస్తుందని చట్టంలో ఉన్న మాట నిజమే. దాన్ని కోర్టులో రుజువు చేసుకునేసరికి మీ పిల్లలు పెద్దవాళ్లవుతారు. అంతకంటే తేలిక, అడ్వాన్స్‌కు ముందే అమ్మేవారి చేత పక్కరైతుతో దారి హక్కు రిజిస్టర్ చేయించడం. లేదంటే ఆ పట్టీని మీరే కొనుక్కోవడం. 12 అడుగుల వెడల్పున 200 మీటర్ల దారికి పట్టేది సుమారు 18 సెంట్లు, అంటే 7 గుంటల పైచిలుకు. దాని ఖర్చు తోట ధరలో తగ్గించమని అడగండి.

నల్లరేగడి నేలైతే వాన పడ్డ మర్నాడు తప్పకుండా వెళ్లిచూడండి. ఎండాకాలంలో సిమెంటు రోడ్డులా ఉన్న బాటలోనే ఆ రోజు ట్రాక్టరు దిగబడి ఉంటుంది.

3. నీళ్లు: మాట కాదు, డ్రమ్ము నమ్మండి

ఏ బోరు గురించి అడిగినా వచ్చే జవాబు "రెండించులు పోస్తుంది సార్". ఎప్పుడు? సంక్రాంతికి అన్ని బోర్లూ పోస్తాయి. మీరు ఏప్రిల్, మే నెలల్లో చూడండి.

పరీక్ష ఇలా చేయండి. మోటారు వేసిన పది నిమిషాలకు 200 లీటర్ల డ్రమ్ము ఎన్ని నిమిషాల్లో నిండిందో రాసుకోండి. ఆపకుండా నాలుగు గంటలు నడపండి. మళ్లీ డ్రమ్ము నింపండి. మొదట 2 నిమిషాలకు నిండితే గంటకు 6,000 లీటర్లు. చివర్లో 5 నిమిషాలు పడితే గంటకు 2,400 లీటర్లే. మీ బోరు అసలు లెక్క ఆ రెండోది. మధ్యలో పైపు గాలి కక్కుతూ ఆగి ఆగి పోస్తోందంటే నీటిమట్టం మోటారు దాకా దిగిపోతోందని అర్థం. కరెంటు పోయిందనో, వైండింగ్ వేడెక్కుతుందనో రెండు గంటలకే ఆపేయమంటే ఇంకో రోజు వెళ్లండి. పరీక్ష మాత్రం వదలొద్దు.

బోరు చాలకపోతే ఇంకోటి వేసుకుందాంలే అనుకోకండి. కొత్త బోరుకు వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి. ఊరి మంచినీటి బోరుకు 250 మీటర్ల లోపైతే ఇవ్వరు. నల్గొండ, ప్రకాశం వైపైతే నీళ్లను ల్యాబుకు పంపండి. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదు.

కరెంటు సంగతీ ఇక్కడే చూసేయండి. మోటారుకున్నది వ్యవసాయ సర్వీసు. దానిలోంచి వైరు లాగి ఇంట్లో ఫ్యాన్లు, ఏసీ నడుపుతూ ఉంటారు. పట్టుబడితే జరిమానా మీకే. ఇంటికి వేరే డొమెస్టిక్ మీటరు ఉందా, పాత బిల్లులు కట్టారా చూడండి.

4. హద్దులు

ముందు లెక్క. ఎకరమంటే 4,840 గజాలు. ఆంధ్రలో దాన్ని 100 సెంట్లు చేస్తే, తెలంగాణలో 40 గుంటలు చేస్తారు. కాగితం మీద "3-20" అని ఉంటే తెలంగాణలో అది మూడెకరాల ఇరవై గుంటలు, అంటే మూడున్నర ఎకరాలు. ఆంధ్రలో మూడెకరాల ఇరవై సెంట్లు, అంటే 3.2 ఎకరాలు. రాష్ట్రం మారి కొనేవాళ్లు ఇక్కడ తడబడతారు. గుంట గుర్తుండాలంటే ఒకటే గుర్తు: 33 అడుగులు పొడవు, 33 అడుగులు వెడల్పు.

ఇక కొలత. ఫోన్ యాప్‌తో చుట్టూ తిరిగి కొలిచింది ఉజ్జాయింపుకే పనికొస్తుంది. ప్రభుత్వ సర్వే చేయించండి. ఆంధ్రలో దీన్ని ఎఫ్‌-లైన్ దరఖాస్తు అంటారు. దరఖాస్తు పట్టాదారే పెట్టాలి కాబట్టి అమ్మేవారి చేత పెట్టించండి. ఆయన ఇష్టపడకపోతే అదే ఒక జవాబు. సర్వే రోజు నాలుగు వైపుల రైతులూ ఉండాలి, పంచనామాలో సంతకాలు పెట్టాలి. పాసుపుస్తకం, డాక్యుమెంటు, నేల మీది కొలత, ఈ మూడూ ఒకే విస్తీర్ణం చెప్పాలి. తేడా వస్తే, తక్కువ చూపించినదానికే డబ్బు కట్టండి.

వెనకాల అడవి ఉందా? ఉంటే జాగ్రత్త రెట్టింపు. "వెనక టేకుచెట్లన్నీ మనవే" అని చూపించే చెయ్యి ఒక్కోసారి రిజర్వ్ ఫారెస్టు లోపలికి చూపిస్తుంది. అటవీశాఖ హద్దు రాళ్లు ఎక్కడున్నాయో వెతకండి. అనుమానముంటే రెవెన్యూ, అటవీశాఖల ఉమ్మడి సర్వే అయిన కాగితం అడగండి. రెవెన్యూ రికార్డులో పట్టా ఉన్నా అటవీశాఖ తమ భూమి అంటున్న సర్వే నంబర్లు చాలా ఉన్నాయి. ఆ తగాదాలో మధ్యలో నలిగేది కొన్నవాడే.

చెరువు పక్కనైతే ఇల్లు ఎఫ్‌టీఎల్ గీతకు (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు వచ్చే హద్దుకు) ఎంత దూరంలో ఉందో కొలవండి. పది హెక్టార్లకు తక్కువ చెరువుకు 9 మీటర్లు, అంతకు పెద్దదానికి 30 మీటర్లు బఫర్ వదలాలి. చెరువు శిఖంలో, అంటే చెరువు లోపలి భూమిలో, ఇల్లు కట్టేసి "లేక్ వ్యూ" అని చెప్పేవాళ్లు ఉన్నారు.

5. కాగితాలు

తెలంగాణలో భూభారతి పోర్టల్ చూడండి. 2020 అక్టోబరులో వచ్చిన ధరణి స్థానంలో 2025 ఏప్రిల్‌లో ఇది వచ్చింది. ఆంధ్రలో మీభూమిలో 1-బి, అడంగల్ తీయండి. రెండు చోట్లా నిషేధిత జాబితా చూడండి. 22-ఏ అంటే అదే, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా. అసైన్డ్ (డీకేటీ, డి-పట్టా, లావణి పట్టా), భూదాన్, వక్ఫ్, దేవాదాయ, శిఖం, పోరంబోకు, వీటిలో ఏ మాట కనిపించినా అక్కడే ఆగి లాయరును అడగండి. బ్రోకరును కాదు.

తర్వాత ఈసీ, అంటే ఆ భూమి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా. కనీసం 30 ఏళ్లకు తీయండి. ఆన్‌లైన్‌లో 1983 తర్వాతివి దొరుకుతాయి, అంతకు ముందువి కావాలంటే రిజిస్ట్రేషన్ ఆఫీసుకే వెళ్లాలి. ఈసీ శుభ్రంగా వచ్చింది కదా అని సంబరపడొద్దు. నోటి పంపకాలు, సాదా కాగితం మీద అమ్మకాలు, కోర్టు కేసులు అందులో కనపడవు.

అన్నిటికన్నా ఎక్కువ చూసిన తప్పు ఆడపిల్లల సంతకాలు లేకపోవడం. అన్నదమ్ములు ముగ్గురూ వచ్చి సంతకాలు పెడతారు, అక్కచెల్లెళ్ల మాటే ఎత్తరు. మన దగ్గర 1985 సెప్టెంబరు నుంచి పెళ్లికాని కూతుళ్లకు, 2005 చట్టంతో కూతుళ్లందరికీ ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఉంది. "పెళ్లప్పుడే ఇచ్చేశాం సార్" అంటే సరే, అదే మాట ఆమె చేత కాగితం మీద రాయించి రిజిస్టర్ చేయించండి. కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ అడిగి, అందులో పేర్లున్న ప్రతి ఒక్కరూ సంతకానికి వచ్చారో లేదో టిక్కులు పెట్టుకోండి. అమ్మేవారింటికి ఓసారి కాఫీకి వెళ్లి, మాటల్లో పిల్లలెందరని అడిగితే ఇంకా తొందరగా తెలుస్తుంది.

ఇంకో చిక్కు. తెలంగాణలో వ్యవసాయ భూమి రిజిస్ట్రేషన్ తహసీల్దారు ఆఫీసులో జరుగుతుంది. ఇంటి కింది భాగాన్ని నాలా మార్పిడి (వ్యవసాయేతర భూమిగా మార్చడం) చేయించి ఉంటే ఆ ముక్క సబ్‌-రిజిస్ట్రార్ దగ్గరికి పోతుంది. ఒకే గేటు లోపల రెండు ఆఫీసులు, రెండు డాక్యుమెంట్లు. ఒకటి చేయించుకుని రెండోది మర్చిపోయినవాళ్లున్నారు. మార్పిడే చేయించకుండా ఇల్లు కట్టేసి ఉంటే, డాక్యుమెంటులో భూమి ఒక్కటే ఉంటుంది. ఇంటికి మీరిచ్చే పాతిక లక్షలకు కాగితం మీద గుర్తే ఉండదు. బేరమాడేటప్పుడు ఇది గుర్తుచేయండి.

6. చెట్లు, చెట్ల మీది పంట

పూత చూసి మురిసిపోయే ముందు ఆ పూత ఎవరిదో అడగండి. మామిడితోటల్ని రెండు మూడేళ్లకు ముందే వ్యాపారికి గుత్తకు ఇచ్చేయడం మామూలే. డబ్బు ముందే తీసుకుని ఉంటారు. మీరు రిజిస్ట్రేషన్ చేయించుకుని మే నెలలో పిల్లల్ని తీసుకుని వెళ్తే, మీ తోటలో ఇంకెవరో కాయ కోయిస్తూ ఉంటారు. గుత్త ఎప్పటిదాకా ఉందో అగ్రిమెంటులో రాయించండి. మిగిలిన పంటకు అమ్మేవారు అందుకున్న సొమ్ము ధరలో తగ్గించుకోండి. ఊళ్లో కిళ్లీకొట్టు దగ్గర నిలబడి "ఆ తోట ఈసారి ఎవరు పట్టారు?" అని అడగండి, అక్కడ దొరకని సమాచారం ఉండదు.

చెట్లు లెక్కపెట్టండి. పాత పద్ధతిలో పది మీటర్ల దూరంలో నాటిన తోటైతే ఎకరాకు 40 చెట్లు రావాలి. ఖాళీలెన్నో, ఎండినవెన్నో రాసుకోండి. టేకుకైతే ప్రతి మాను మీదా పెయింటుతో నంబరు వేసి, ఛాతీ ఎత్తున చుట్టుకొలత తీసి, వీడియో తీసుకోండి. ఇది మరీ అనుమానం అనుకుంటారేమో. అడ్వాన్స్‌కూ రిజిస్ట్రేషన్‌కూ మధ్య మూడు నెలల్లో టేకు మాయమైన తోటలు నాకు తెలుసు. కొన్నాక మీరే కొట్టించుకోవాలన్నా అటవీశాఖ అనుమతి, తీసుకెళ్లడానికి పర్మిట్ కావాలి. కాబట్టి "టేకు అమ్మితేనే భూమి డబ్బులు వచ్చేస్తాయి" అనే లెక్కను పక్కన పెట్టండి.

7. ఇప్పుడు ఇల్లు

టార్చిలైటు తీసుకుని గుమ్మాల కింది అంగుళాన్ని చూడండి, చెదలు అక్కడి నుంచే మొదలవుతాయి. స్క్రూడ్రైవరుతో పొడిస్తే లోపలికి దిగిపోతే ఆ గుమ్మం అయిపోయినట్టే. గోడల మీద కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పోయే పగుళ్లు చూడండి. నల్లరేగడిలో పునాది కదిలితే అలా వస్తాయి. కొత్తగా సున్నం వేసిన గోడ ఒక్కటే ఉంటే, ఆ ఒక్కదానికే ఎందుకు వేశారో అడగండి. పంచాయతీ ఇంటి నంబరు, ఇంటిపన్ను రసీదులు తీసుకోండి.

8. ఒక రాత్రి అక్కడ పడుకోండి

ఇది ఎవరూ చేయరు. చేసినవాళ్లలో సగంమంది మనసు మార్చుకున్నారు. రాత్రి లోపలి గదిలో ఫోన్ సిగ్నల్ ఉందా, 108కి దారి ఎలా చెబుతారు, పగలు వినిపించని క్రషర్ రాత్రి తిరుగుతోందా, గాలి మళ్లితే కోళ్లఫారం వాసన వస్తోందా, అన్నీ ఆ ఒక్క రాత్రిలో తేలిపోతాయి. పొద్దున్నే కోతులు ఏ వైపు నుంచి దిగుతాయో చూడండి. అడవిపందులు ఉంటే మట్టి దున్నినట్టు తవ్వేసి ఉంటుంది. వాటికని కరెంటు తీగ పెట్టడం నేరం. సోలార్ ఫెన్సింగ్ ఖర్చు లెక్కలో వేసుకోండి.

కాపలాకు ఎవరుంటారన్నది కూడా ఆ రోజే మాట్లాడండి. ఇప్పటికే ఉంటున్న కుటుంబం ఉంటే, వాళ్లు మీతో కొనసాగుతారా, ఎన్నేళ్ల నుంచి ఉంటున్నారు, వాళ్లకు అమ్మేవారు ఏమైనా మాట ఇచ్చారా అని వాళ్లనే అడగండి.

9. అగ్రిమెంటు, డబ్బు

నగదు వద్దు. భూమి లావాదేవీలో 20,000 రూపాయలు, ఆపైన నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. చెక్కో, బ్యాంకు బదిలీయో ఇవ్వండి. హోమ్ లోన్ మీద లెక్క వేసుకుంటే, వ్యవసాయ భూమికి బ్యాంకులు మామూలుగా ఇవ్వవు. ఆ మాట ముందే తేల్చుకోండి. రెండు రాష్ట్రాల్లోనూ స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చులు అన్నీ కలిపి ప్రభుత్వ విలువ మీద సుమారు 7.5 శాతం అవుతాయి.

అగ్రిమెంటులో చెట్ల సంఖ్య, మోటారు, స్టార్టరు, డ్రిప్ పైపులు, ట్రాన్స్‌ఫార్మర్‌లో వాటా, గేటు కూడా రాయించండి. నవ్వకండి. నేను స్వాధీనం తీసుకున్న రోజు బోరులో మోటారు లేదు. "అది మేం వేరే కొన్నాం కదండీ" అన్నారు. నా అగ్రిమెంటులో "బోరు" అని ఉంది, "మోటారు" అని లేదు.

అయిదు గుంటలు, పది గుంటల "ఫార్మ్ ప్లాట్లు" అమ్మే బ్రోచర్లకు ఇదంతా వర్తించదు. ఎందుకంటే వాటి జోలికే వెళ్లొద్దని నా సలహా. అరెకరం లోపు ముక్కలకు హద్దులు, ఇంటి అనుమతి దగ్గరే కథ ఆగిపోతుంది. డబ్బు తక్కువుంటే ఊరికి ఇంకో పది కిలోమీటర్లు దూరం పొండి, లేదా అన్నదమ్ములు కలిసి ఎకరం కొనండి.

10. రిజిస్ట్రేషన్ తర్వాత

పోర్టల్‌లో మీ పేరు, విస్తీర్ణం, సర్వే నంబరు అక్షరం అక్షరం సరిచూసుకోండి. పేరులో ఒక్క పొల్లు తేడా ఉన్నా అప్పుడే దిద్దించుకోండి, పదేళ్ల తర్వాత మీ పిల్లలు తిరగాల్సి వస్తుంది. కరెంటు మీటర్లు, ఇంటిపన్ను మీ పేరుకు మార్పించండి. హద్దురాళ్లు పాతించి, ఒక్కోదాని పక్కన నిలబడి ఫొటో తీసుకోండి. తొలకరి ముందు, అంటే మే నెలాఖరులో, ఒకసారి చుట్టూ తిరిగి రండి. పక్కరైతు నాగలి పట్టేది అప్పుడే. రాయి జరిగిందా లేదా తెలిసేదీ అప్పుడే. వెళ్లేటప్పుడు ఆయనకు ఓ బుట్ట మామిడిపండ్లు పట్టుకెళ్లండి.